గిటారు గొంతుక: నకలు అసలైన కథ

తీగ ఒక్కటే పలకదు. ఎంత మేలైన ఉక్కు తీగనైనా రెండు మేకుల మధ్య బిగించి మీటి చూడండి. ప్రక్క గదిలోని వారికి వినపడదు. తీగకు ఒక కడుపు కావాలి. బొబ్బిలి వద్ద గొల్లపల్లిలో ఒకే పనస మ్రానును తొలిచి వీణ చేసేవారు అంత పాటుపడేది ఈ కడుపు కోసమే. తంబురాకు బుర్ర, ఫిడేలుకు పెట్టె, అన్నీ దానికే. తీగ పుట్టించే నాదము కొంచెము; పెట్టె దానిని పెంచి, దానికొక స్వభావము నిచ్చి, మన చెవిదాకా చేరుస్తుంది. ఈ చిన్న సత్యమును మనసులో ఉంచుకుంటే ఇక్కడ చెప్పబోయే కథ అంతా సులభముగా బోధపడుతుంది.

ఉగాది సంచికలో గిటారును గూర్చి వ్రాయడమేమిటని కొందరు పెద్దలు అనుకోవచ్చును. కారణము లేకపోలేదు. నేడు మన సంఘములోని ఇళ్ళలో, కోనసీమ నుండి వచ్చినవారైనా, రాయలసీమ నుండి వచ్చినవారైనా, మావలె నాగరగెరె, బాగేపల్లి, చింతామణి వైపు నుండి బెంగుళూరు చేరినవారైనా, పిల్లవాడొకడు ఎలెక్ట్రిక్ గిటారు పట్టుకొని కూర్చోవడము కనబడుతున్నది. గిటారు నుండి ఒక తీగ చిన్న పెట్టెలోనికి పోతుంది. ఆ పెట్టె నుండి కంప్యూటరుకు మరొక తీగ. పిల్లవాని చెవులకు హెడ్‌ఫోను. గదిలో మనకు వినపడేది ఉక్కు తీగల టిక్కుటిక్కులే. వానికి మాత్రము లండను నగరములోని పెద్ద రంగస్థలము మీద వాయిస్తున్నట్లు వినబడుతుంది. కంప్యూటరులోని సాఫ్ట్‌వేరు ఒక పెద్ద ఆంప్లిఫయరు చేసే పనిని లెక్కలతో చేసి చూపుతున్నదన్న మాట. దీనిని చూచి తాతగారు "ఇదంతా నకలు, అసలు వాద్యము కాదు" అంటారు. పిల్లవాడు జవాబు చెప్పలేక ఊరుకుంటాడు. ఆ జవాబు చరిత్రలో ఉన్నది.

వాద్యాల వలస

మన సంగీతములో పరదేశము నుండి వచ్చిన వాద్యానికి ఆదరణ దొరకడము ఎన్నడూ ఒక్కనాటి పని కాలేదు. ఫిడేలు సంగతి చూడండి. ఇది ఐరోపా వాద్యము. సుమారు రెండువందల ఏండ్ల క్రిందట ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దీనిని నేర్చి మన సంగీతానికి మలచినాడు. దొరలు నిలబడి గడ్డము క్రింద పెట్టుకొనే వాద్యమును మనవారు నేల మీద కూర్చుండి, కొనను పాదము మీద ఆన్చి, ఎడమచేయి స్వేచ్ఛగా జారేటట్లు పట్టినారు. ఈ బెంగుళూరులోనే 1893లో జన్మించిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఆ వాద్యముతోనే విజయనగరము సంగీత కళాశాలకు ప్రిన్సిపాలు అయినారు. నేడు ఫిడేలు మనది కాదనే తెలుగువాడు లేడు.

ఆ ఫిడేలుకు కూడా సభ పెద్దదైన కొద్దీ గొంతు చాలలేదు. మైకులు లేని రోజులు. వెనుక వరుసల వారికి వినపడక పోవడము చూచి మైసూరు చౌడయ్యగారు (1895–1967) నాలుగు తీగల ఫిడేలును ఏడు తీగలది చేసి నాదమును పెంచినారు. బెంగుళూరులో ఫిడేలు ఆకారములో కట్టిన సభాభవనము ఆయన పేరిటిదే. నాదము చాలనప్పుడు వాద్యమునే మార్చుకోవచ్చునని మన దేశములోనే నిరూపణ అయినది.

హార్మోనియము కథ మరీ విచిత్రము. స్వరమును జార్చడానికి వీలులేని వాద్యమని, గమకము పలకదని, 1940లో ఆలిండియా రేడియో దానిని నిషేధించినది. 1971 వరకు ఆ నిషేధము సడలలేదు. అయితే ఆ మూడు దశాబ్దాలూ మన పల్లెలలో భజనలు ఆగలేదు, వీధినాటకాలు ఆగలేదు, హార్మోనియము పెట్టెలు మూతపడలేదు. ఇప్పుడు మా వైపు ముసలివారు "పూర్వపు వాద్యము" అని గౌరవముగా చెప్పుకొనేది ఆ పెట్టెనే! ఒక తరము నకలు అన్నదానిని మరొక తరము మనదే అంటుంది. ఎలెక్ట్రిక్ గిటారు సంగతీ ఇంతే.

విద్యుత్తు వచ్చిన తరువాత

అమెరికాలో 1920ల నాటికి నాట్యశాలలు పెద్దవైనవి. బాకాలు, డోళ్ళు హెచ్చినవి. వాటి నడుమ గిటారు మునిగిపోయేది. అప్పుడు జార్జి బోషాంప్ అనే వాయిద్యగాడు ఒక ఉపాయము పన్నినాడు. ఉక్కు తీగల క్రింద అయస్కాంతము, దానికి చుట్టిన సన్నని రాగితీగ చుట్ట పెట్టినాడు. తీగ కదిలితే అయస్కాంత క్షేత్రము కదులుతుంది. చుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. దీనినే పికప్పు అంటారు. ఆ విద్యుత్తును ఆంప్లిఫయరు పెంచి స్పీకరుకు ఇస్తుంది. 1931–32 సంవత్సరాలలో ఇట్లు తయారైన రికెన్‌బాకరు గిటారు గుండ్రని మొండెము, పొడుగైన మెడతో ఉండడము వల్ల జనము దానిని వేపుడు పెనము అని పిలిచినారు. అది ఒడిలో పెట్టుకొని వాయించే హవాయి గిటారు.

ఇక్కడ ఒక ముఖ్య విషయము గమనించాలి. పికప్పు వచ్చిన తరువాత గిటారుకు బోలు కడుపుతో అవసరము తగ్గినది. గట్టి చెక్కతో చేసినా సరిపోతుంది. మరి కడుపు ఎక్కడికి పోయినది? ఆంప్లిఫయరులోనికి, స్పీకరు పెట్టెలోనికి పోయినది. కాబట్టి ఆంప్లిఫయరు కేవలము శబ్దమును పెద్దది చేసే యంత్రము కాదు. అది వాద్యములో సగము. ఈ సంగతి తెలియనివారు గిటారును నేరుగా కంప్యూటరుకు తగిలించి "పీలగా ఉన్నదేమి?" అని ఆశ్చర్యపడతారు. కుండ తీసివేసిన వీణ పీలగా కాక ఎట్లుంటుంది?

నకలుకు నకలు

ఇక ఆంప్లిఫయర్ల వంశవృక్షము చూతము. కాలిఫోర్నియాలో రేడియోలు మరమ్మతు చేసే లియో ఫెండరు, వాల్వులు తయారుచేసే కంపెనీల పుస్తకాలలో అందరికీ అందుబాటులో ఉన్న పటాలను ఆధారము చేసుకొని గిటారు ఆంప్లిఫయర్లు కట్టినాడు. 1952లో ఆయన బేస్ గిటారు కోసము బాస్‌మన్ అనే పెట్టెను తెచ్చినాడు. బేస్ గిటారు కోసము చేసినది మామూలు గిటారుకు మరీ చక్కగా అమరినది. ఇంగ్లండులో వాటిని దిగుమతి చేసుకోవాలంటే ఖర్చు ఎక్కువ. లండనులో డోళ్ళ దుకాణము నడుపుతున్న జిమ్ మార్షలు, తన పనివారితో కలిసి, 1962లో ఆ బాస్‌మన్‌కే నకలు కట్టించినాడు. వాల్వులూ, ట్రాన్స్‌ఫార్మర్లూ ఇంగ్లండులో దొరికినవి వాడినాడు. స్పీకర్లు కూడా అక్కడివే. అందుచేత నకలు అచ్చముగా దిగలేదు. కొంచెము మొరటుగా, కొంచెము గంభీరముగా పలికినది. ఆ కొంచెపు తేడాయే లోకమంతా "మార్షలు శబ్దము" అని పేరు పొందినది! అదే కాలములో ఇంగ్లండులోనే వాక్స్ కంపెనీవారి ఏ.సి. 30 మరొక గొంతుకతో ప్రసిద్ధి కెక్కినది.

నేడు సాఫ్ట్‌వేరులో ఫెండరు నకలు, మార్షలు నకలు, వాక్స్ నకలు అని పట్టీలు వేసి ఉంటాయి. మార్షలే ఒక నకలు అని ఎందరికి తెలుసును? స్థానికముగా దొరికిన సరుకుతో, విన్నదానిని మళ్ళీ పలికించాలనే ఆరాటముతో చేసిన నకలు ఒకనాటికి అసలు అయి కూర్చున్నది.

దోషము గుణమైన సంగతి కూడా చెప్పాలి. వాల్వు మోయగలిగిన దానికంటే ఎక్కువ శబ్దము దానికి ఇస్తే, తరంగము శిఖరములు చదునై పోతాయి. అప్పుడు మూలస్వరముతోబాటు లేని అనుస్వరాలు అనేకము పుడతాయి. దీనినే డిస్టార్షను అంటారు. ఇంజనీర్లకు ఇది దోషము; దీనిని తగ్గించడానికే వారు శ్రమపడినారు. కాని వాయించేవారికి అందులో ఒక ఆవేశము వినబడినది. 1958లో లింక్ రే అనే అమెరికను స్పీకరు కాగితానికి రంధ్రాలు పొడిచి ఆ గరగర తెప్పించినాడు. 1964లో ఇంగ్లండులో కింక్స్ బృందపు డేవ్ డేవిస్ స్పీకరును బ్లేడుతో కోసినాడు. వాల్వులో పుట్టే దోషము మాత్రము మెల్లగా, గుండ్రముగా వస్తుంది. చేయి మెత్తగా మీటితే తగ్గుతుంది, గట్టిగా మీటితే హెచ్చుతుంది. ఈ "చేతికి బదులు చెప్పడము" అనే గుణమే కంప్యూటరుకు నేర్పడానికి అన్నిటికంటె కష్టమైనది.

పాలకొల్లు బాలుడు

ఈ కథలో తెలుగువారి పాలు ఏమీ లేదనుకోవద్దు. విద్యుత్ వాద్యముతో ఏమి చేయవచ్చునో లోకానికి చూపినవాడు మన ఉప్పలపు శ్రీనివాసు. ఆయన 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించినాడు. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్టు విద్వాంసులు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ను పసితనములోనే చేతపట్టిన ఆ బాలునికి రుద్రరాజు సుబ్బరాజుగారు గురువైనారు. ఆ గురువుగారికి మాండలిన్ వాయించడము రాదు. ఆయన పాడేవారు, బాలుడు ఆ పాటను వాద్యము మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాలలో మొదటి కచేరీ జరిగినది. అప్పటికి తొమ్మిదేండ్లు.

మాండలిన్ ఇటలీ వాద్యము. దానికి జంటలు జంటలుగా ఎనిమిది తీగలు. మీటిన నాదము టక్కున ఆరిపోతుంది. కర్ణాటక సంగీతములో గమకము సాగాలంటే నాదము నిలవాలి; తోడిలో గాంధారమును ఊపాలంటే మీటు ఒక్కటి, ఊపు అనేకము. శ్రీనివాసు గట్టి చెక్క మొండెముగల విద్యుత్ మాండలిన్‌ను ఎన్నుకొని, జంట తీగలు తీసివేసి ఒంటి తీగలు పెట్టి, ఐదవ తీగను చేర్చినాడు. తీగలు ఒంటివి కాగానే ప్రక్కకు లాగడానికి వీలైనది. ఆంప్లిఫయరు ఉండడము వల్ల సన్నబడుతున్న నాదము కూడా చివరి దాకా వినబడినది. మొదట్లో సందేహించిన విద్వాంసులు పిమ్మట శిరఃకంపము చేసినారు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవములో ఆయన వాయించినాడు. 1998లో పద్మశ్రీ బిరుదు వచ్చినది. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, నలభైయైదేండ్ల వయసుకే, కన్నుమూసినాడు.

ఇంగ్లండులో ఆంప్లిఫయరును అరిపించడానికి వాడినారు. పాలకొల్లువాడు దానిని గమకమును నిలపడానికి వాడినాడు. యంత్రము ఒకటే. ఏమి పలకాలో ముందుగా చెవికి తెలిసినందువల్ల రెండు చోట్లా మంచి నాదము పుట్టినది.

పెట్టె లేకుండా పెట్టె

వాల్వు ఆంప్లిఫయర్లకు రెండు చిక్కులు. ఒకటి బరువు: ఏ.సి. 30 వంటిది ముప్పై కిలోలు దాటుతుంది. దానిని రైలులో తీసుకుపోవాలంటే పార్సిలు ఆఫీసు గుమ్మము తొక్కవలసినదే. రెండవది గోల: వాల్వులు బాగా వేడెక్కి పూర్తి బలముతో పనిచేసినప్పుడే ఆ గొంతుక వస్తుంది. గోడకు గోడ ఆనుకొని ఉన్న అద్దె ఇళ్ళలో అది సాధ్యమా?

అందుచేత చిన్న శబ్దములో పెద్ద ఆంప్లిఫయరు గొంతుకను తెప్పించే ప్రయత్నాలు బయలుదేరినవి. బోస్టన్ బృందపు టామ్ షోల్జ్ చదువుచేత ఇంజనీరు. ఆయన 1982లో రాక్‌మన్ అనే చేతిపెట్టెను తెచ్చినాడు. దానికి హెడ్‌ఫోను తగిలించుకొని వాయించవచ్చును. 1989లో ఆండ్రూ బార్టా చేసిన సాన్స్ఆంప్ వచ్చినది. పేరుకు అర్థమే "ఆంప్లిఫయరు లేకుండా" అని. ఇవి రెండూ విద్యుత్ పరికరాలే గాని కంప్యూటరు లెక్కలు కావు.

అటువంటి యత్నమే మన బెంగుళూరులోనూ జరిగినదని చెప్పడానికి సంతోషముగా ఉన్నది. వేణువు వాయించే ఇంజనీరు జి. రాజ్‌నారాయణ్‌గారు 1970ల చివర ఎలెక్ట్రానిక్ తంబురాను నిర్మించినారు. ఆయన స్థాపించిన రాడెల్ సంస్థ పెట్టెలు నేడు లేని సంగీత పాఠశాల అరుదు. ఇంత పొడుగు తంబురాను బస్సులో, రైలులో మోసుకుపోలేని గాయకులకు అరచేతిలో ఇమిడే శ్రుతి దొరికినది. అప్పుడూ కొందరు "ఇది నకలు తంబురా" అన్నారు. ఈనాడు ఇంటింటా పిల్లలు దాని ముందే సరళీ స్వరాలు చెప్పుకుంటున్నారు.

పిమ్మట అంకెల యుగము వచ్చినది. 1995లో జపాను రోలాండ్ కంపెనీ వి.జి. 8 అనే యంత్రమును, 1998లో కాలిఫోర్నియా లైన్ సిక్స్ కంపెనీ పాడ్ అనే ఎర్రని, చిక్కుడుగింజ ఆకారపు పెట్టెను తెచ్చినవి. 2002లో ఇటలీవారి ఆంప్లిట్యూబ్, 2004లో జర్మనీవారి గిటార్ రిగ్ మామూలు కంప్యూటరులోనే పనిచేసే సాఫ్ట్‌వేర్లుగా వచ్చినవి. 2011లో జర్మనీకే చెందిన క్రిస్టాఫ్ కెంపరు యంత్రము, ఎదుట ఉన్న నిజమైన ఆంప్లిఫయరును తానే విని దాని పోలికను పట్టుకొనే పద్ధతిని తెచ్చినది. ఇటీవలి సంవత్సరాలలో న్యూరల్ ఆంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేరు ఉచితముగా అందరికీ లభిస్తున్నది.

దీని పద్ధతి మా గుమాస్తాలకు సులభముగా అర్థమవుతుంది. నిజమైన ఆంప్లిఫయరులోనికి పోయిన శబ్దము ఒక పద్దు. బయటికి వచ్చిన శబ్దము మరొక పద్దు. కంప్యూటరు తన లెక్కతో ఒక జవాబు తెస్తుంది, రెండవ పద్దుతో సరిచూస్తుంది, తేడా ఉంటే లెక్కను కొంచెము మారుస్తుంది, మళ్ళీ సరిచూస్తుంది. తేడా దాదాపు లేకుండా పోయేవరకు వేలసార్లు ఇదే పని. నకలు అన్నమాట నిజమే. కాని మా రైల్వేలో లోకో పైలట్లకు సిమ్యులేటరు మీద శిక్షణ ఇస్తారు. అందులో కదిలే పట్టాలు బొమ్మలే. అక్కడ నేర్చిన జాగ్రత్త మాత్రము నిజమైనది.

మంచి నాదానికి కొన్ని సూచనలు

ఇంత చరిత్ర చెప్పిన తరువాత, ఇంట్లో సాఫ్ట్‌వేరు పెట్టుకొన్న పిల్లలకు ఉపయోగపడే నాలుగు మాటలు చెప్పకపోతే వ్యాసము అసంపూర్ణము.

మొదటిది, ప్రవేశ ద్వారము. గిటారు పికప్పు నుండి వచ్చే విద్యుత్తు బలహీనమైనది. దానిని మైకు కోసము పెట్టిన రంధ్రములో గాక, ఆడియో ఇంటర్‌ఫేసులో వాద్యము కోసము ప్రత్యేకించిన రంధ్రములో పెట్టాలి. లేక దానికున్న మీటను ఆ వైపు త్రిప్పాలి. లేకపోతే పై స్వరాల మెరుపు పోయి నాదము దుప్పటి కప్పినట్లు ఉంటుంది. గట్టిగా మీటినప్పుడు కూడా ఎర్ర దీపము వెలగరాదు. వాల్వు దోషము తీపి; కంప్యూటరు ద్వారము దగ్గర పుట్టే దోషము వట్టి చేదు. ఒకసారి చెడితే తరువాత ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు.

రెండవది, స్పీకరు పెట్టె. పిల్లలు ఆంప్లిఫయరు బొమ్మలను మార్చి మార్చి చూస్తారు. స్పీకరు పెట్టెను మరచిపోతారు. నిజానికి నాదములో పెద్ద భాగము అక్కడే ఉన్నది. టెలిఫోను సుమారు 300 నుండి 3,400 ఆవృత్తుల వరకే మోస్తుంది. అందువల్లనే ఫోనులో అమ్మ గొంతు వేరుగా వినబడుతుంది. అట్లే పన్నెండు అంగుళాల గిటారు స్పీకరు 5,000 దాటిన ఆవృత్తులను చాలావరకు వదలివేస్తుంది. ఆ వదలివేతే మేలు. అది లేకుండా డిస్టార్షను నేరుగా వింటే తేనెతుట్టె కదిపినట్లు ఉంటుంది.

స్పీకరు స్వభావమును పట్టుకొనే పద్ధతి చమత్కారమైనది. మా జిల్లాలో నంది గ్రామపు భోగనందీశ్వరాలయ రాతి మంటపములో నిలబడి ఒక్క చప్పట్టు కొట్టండి. తిరిగి వచ్చే ధ్వనిలో ఆ మంటపము గుణమంతా ఉంటుంది. దానిని రికార్డు చేసి, లెక్క ప్రకారము మరొక పాటకు జోడిస్తే, ఆ పాట మంటపములో పాడినట్లే వినబడుతుంది. స్పీకరుకూ, దాని ముందు పెట్టిన మైకుకూ ఇదే పని చేసి దాచిన చిన్న ఫైళ్ళనే ఇంపల్స్ రెస్పాన్సులు అంటారు. నాదము నచ్చకపోతే ఆంప్లిఫయరును మార్చడానికి ముందు ఈ ఫైలును మార్చి చూడవలెను. మైకు స్పీకరు నడిమికి దగ్గరైతే నాదము పదునుగాను, అంచుకు జరిగితే మెత్తగాను ఉంటుంది.

మూడవది, మితము. గెయిన్ అనే మీటను పూర్తిగా త్రిప్పితే ఒంటరిగా వాయించేటప్పుడు గంభీరముగా తోస్తుంది. పాటలో కలిపితే ముద్ద అవుతుంది. ప్రసిద్ధమైన పాత రికార్డులలో మనము అనుకొనే దానికంటె తక్కువ డిస్టార్షను ఉంటుంది. వంటలో కారము వలె, తగ్గించి మొదలు పెట్టి చాలినంత చేర్చడము తెలివి.

నాలుగవది, ఆలస్యము. కంప్యూటరు శబ్దమును సెకనుకు 44,100 ముక్కలుగా కోసి, కొన్ని ముక్కలు పోగైన తరువాత లెక్క చేస్తుంది. ఆ పోగునే బఫరు అంటారు. 128 ముక్కల బఫరుకు పట్టే కాలము సెకనులో వెయ్యవ వంతులు మూడు. శబ్దము గాలిలో ఒక మీటరు ప్రయాణించడానికీ అంతే పడుతుంది. రాకకూ పోకకూ కలిపినా, స్పీకరుకు రెండు మూడు మీటర్ల దూరములో నిలబడిన దానితో సమానము. అంతకు బాగా మించితే వేలు ఒకచోట, నాదము ఒకచోట అయి తాళము తప్పుతుంది.

ఐదవది, చెవి. చిన్న శబ్దములో మన చెవికి మంద్రము తక్కువగా వినబడుతుందని ఫ్లెచరు, మన్సను అనే శాస్త్రజ్ఞులు 1933లోనే చూపినారు. అర్ధరాత్రి హెడ్‌ఫోనులో మెల్లగా విని మంద్రమును బాగా పెంచి పెట్టుకొన్న నాదము, మన ఉగాది సభలో పెద్ద స్పీకర్లలో గుమగుమలాడి మిగతా వాద్యాలను మింగివేస్తుంది. సభకు ముందు ఒకసారి పెద్ద శబ్దములో విని సరిచేసుకోవాలి.

వీటన్నిటికీ ముందు శ్రుతి, శుభ్రమైన తీగలు, చేయి. పాతబడిన తీగకు ఏ లెక్కా జీవము పోయదు.

నకలు మాట మళ్ళీ

తాతగారి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చును. సాఫ్ట్‌వేరులోని ఆంప్లిఫయరు నకలే. మార్షలూ నకలే. తంబురా పెట్టె నకలే. ఏది దేనికి నకలో తెలిసి, మూలమును శ్రద్ధగా విని, తనకు దొరికిన సరుకుతో పలికించినవాని చేతిలో నకలుకు ప్రాణము వస్తుంది. మూలమును వినకుండా మీటలు మాత్రము త్రిప్పినవాని చేతిలో అసలైన వాల్వు పెట్టె కూడా గోలయే.

ఈ మాట మన భాషకూ చెల్లుతుంది. నాగరగెరె పినాకినీ పరిసరాల ఊరు. రాష్ట్రము కర్ణాటకము, బడి కన్నడము, ఇల్లు తెలుగు. మా మాటలో కన్నడ పదాలు కలుస్తాయి, యాస వేరు. కోస్తా నుండి వచ్చిన మిత్రులు విని "ఇది తెలుగేనా?" అని నవ్వుతూ అడుగుతుంటారు. మా చింతామణి తాలూకా కైవారములో నారేయణ యోగీంద్రులు, అంటే మా కైవార తాతయ్య, తెలుగులోనూ కన్నడములోనూ పదాలు చెప్పినారు. వాటిని నేటికీ రెండు భాషలవారూ భక్తితో పాడుకుంటారు. స్థానికముగా దొరికిన సరుకుతో మూలమును పలికించినప్పుడు వచ్చిన కొత్త గొంతుక అది. దానిని తక్కువ చేయవలసిన పని లేదు. కాని మూలమును వినడము మానివేస్తే మాత్రము అది నిలవదు. బెంగుళూరులో పెరుగుతున్న మా పిల్లలకు అమ్మమ్మ దంచుతూ పాడిన పాట, నాట్ల పాట, భజన గోష్ఠి తత్త్వము వినబడే అవకాశము ఏటేటా తగ్గుతున్నది. పాడే గొంతులు ఒక్కొక్కటే ఆగిపోతున్నవి. ఆగిపోయిన గొంతుకు ఏ కంప్యూటరూ పోలిక పట్టలేదు. సరిచూడడానికి రెండవ పద్దు ఉండాలి గదా.

కాబట్టి ఈ పండుగనాడు ఒక మనవి. పిల్లవాని గిటారు తగిలించిన ఆ చిన్న పెట్టెకే మైకు కోసము మరొక రంధ్రము ఉంటుంది. మామూలు మైకు ఒకటి సంపాదించి, వేసవి సెలవులలో ఊరికి పోయేటప్పుడు ఆ పెట్టెను సంచిలో వేసుకొని పోండి. బెంగుళూరు నుండి గౌరిబిదనూరుకు రైలు ఉన్నది. హిందూపురము, ధర్మవరము వైపు వారికీ అదే దారి. ఇంట్లో పెద్దవారిని కూర్చోబెట్టి ఒక్క పాట పాడించండి. పంకా ఆపండి, ఎర్ర దీపము వెలగకుండా చూడండి, పాటకు ముందు పాడినవారి పేరు, ఊరు వారి నోటనే చెప్పించండి. గిటారుకు నాదము కుదర్చడము నేర్చిన పిల్లవానికి ఈ పని చాల తేలిక. తాతగారికి కూడా ఆ పెట్టె విలువ అప్పుడు తెలుస్తుంది.

వచ్చే ఉగాదికి కుటుంబానికి ఒక్క పాట చొప్పున మన సంఘములో జమ అయితే, వాటిని అందరమూ కూర్చుండి విందాము. అందులో ఒకదానికి మన పిల్లలలో ఒకడు గిటారుతో తోడు వాయిస్తే మరీ సంతోషము. సోదర సోదరీమణు లందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.